అరిగిపోయిన పేరు

పోయిన వారం మిమ్మల్ని మా దుకాణం బల్ల ముందు నిలబెట్టి వదిలేశాను. బల్ల మీద ఎర్ర గుడ్డ, గుడ్డ మీద ఇజ్రాయేల్ సార్ పిస్తోలు, దాని మీదికి భూతద్దం పట్టుకుని వంగిన సిద్ధార్థ్. మ్యూజియం తరఫున వచ్చిన ఆ అబ్బాయి పిడి సందులోంచి సూదితో ఏదో ఎర్రటి పొడి తీసి, కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చాలాసేపు కుడి పక్కనే చూసి, తల ఎత్తకుండానే, "పేరు ఇక్కడే ఉండాలండీ. ఎవరో అరగదీశారు" అన్నాడు. యూనీస్ అక్క మా నాన్న వైపు చూసింది. నాన్న గోడ గడియారం వైపు చూశాడు. అక్కడ ఆపాను.

కథలోకి కొత్తగా వచ్చినవాళ్లకు వెనకటి సంగతి కొంచెం చెప్పాలి. గన్‌ఫౌండ్రీ నుంచి ఆబిడ్స్ పోస్టాఫీసుకు అడ్డంగా పడే సందులో మాది తుపాకుల దుకాణం. కింద షాపు, పైన ఇల్లు. తాత పెట్టాడు, నాన్న బాలకిషన్ నడిపాడు, ఇప్పుడు ప్రణవి అనే నేను నడుపుతున్నానని బోర్డు చెబుతుంది. తుపాకి కొనడానికి వచ్చేవాళ్లు ఎక్కడున్నారు చెప్పండి, దారి తప్పి జిరాక్సు అడిగేవాళ్లు తప్ప! ఎన్నికలొస్తే మాత్రం కాస్త సందడి. లైసెన్సున్న వాళ్లంతా తమ ఆయుధాలు స్టేషన్‌లోనో, మాలాంటి దుకాణంలోనో అప్పజెప్పాలి. అలా ఒక ఎన్నికలప్పుడు సికింద్రాబాద్ నుంచి ఇజ్రాయేల్ సార్ వచ్చారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చేతిసంచిలో బైబిలు పక్కన పిస్తోలు. ఎన్నికలు అయిపోయాయి, ఆయన లైసెన్సు మళ్లీ రెన్యువల్ కాలేదు, పిస్తోలు మా స్ట్రాంగ్‌రూంలోనే ఉండిపోయింది.

అది అంగట్లో దొరికే పిస్తోలు కాదని సార్ చెప్పేవారు. వందేళ్ల కిందట, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, హార్వుడ్ అనే దొర సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో తనంతట తానే గుండు ఎక్కించుకునే పిస్తోలు కోసం ప్రయోగాలు చేశాడట. మెదక్‌లో లేత్ పని నేర్చుకుని వచ్చిన యేసుదానం అనే కుర్రాడు దొర గీసిన బొమ్మ చూసి ఇనుములో చేసి పెట్టేవాడట. ఆ యేసుదానమే ఇజ్రాయేల్ సార్ తండ్రి. నమూనా ఒకటి తయారయింది. ఫ్యాక్టరీలో అచ్చు పోసే లోపల యుద్ధం వచ్చింది, దొర వెళ్లాడు, తిరిగి రాలేదు, పిస్తోలు యేసుదానం దగ్గరే ఉండిపోయింది. లోకంలో ఆ రకం పిస్తోలు ఇదొక్కటే. దాని కుడి పక్కన దొర పేరు, దాని కింద యేసుదానం పేరు, రెండూ దొర తన చేత్తోనే సన్నగా గీశాడట.

సార్ చెబుతుంటే ఎవరూ నమ్మలేదు. మ్యూజియంలో దొర గీసిన బొమ్మ బయటపడేదాకా నమ్మలేదు. బొమ్మ సరిపోయింది గానీ, బొమ్మలో చూపించిన పేర్లు పిస్తోలు మీద లేవు. పేర్లు లేకపోతే మ్యూజియం తీసుకోదు. మ్యూజియం తీసుకోకపోతే అది లైసెన్సు లేని ఆయుధం. పోలీసులకు అప్పజెబితే ముక్కలుగా కోసి కరిగిస్తారు. సార్ పోయిన నెలలోనే పోయారు. ఆయన కూతురు యూనీస్ అక్కకు తండ్రి మాట నిజమని చూపించడానికి మిగిలింది ఈ ఇనుప ముక్క ఒక్కటే.

ఇక ఈ వారం.

మంగళవారం మధ్యాహ్నం. ఎదురుగా బట్టల షాపువాడు దసరా ఆఫర్లని మైకులో అరుస్తున్నాడు. యూనీస్ అక్క ఒక్కతే వచ్చింది. నర్సు డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టుంది, జేబుకు ఐడీ కార్డు ఇంకా వేలాడుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అంకుల్, నేను మాట తిప్పి అడగ. మా డాడీ మీకు ఇచ్చిననాడు దాని మీద పేరు ఉండె. చిన్నప్పుడు నా వేలు పట్టుకొని ఒక్కొక్క అక్షరం మీద తిప్పిచ్చిండు. గిప్పుడు లేదు. మధ్యల అది మీ స్ట్రాంగ్‌రూంలనే ఉంది. ఎట్ల పోయింది?"

"కూసో బిడ్డా," అన్నాడు నాన్న. "చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు. జవాబు చెప్పున్రి."

నాన్న ఎర్ర గుడ్డ అంచు సరిచేశాడు, మళ్లీ సరిచేశాడు. నాకు ఒళ్లు మండింది. డెబ్బై దాటిన మనిషి, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీలో కూర్చుని నూనె గుడ్డతో ఇనుము తుడవడం తప్ప ఇంకో పాపం ఎరగనివాడు, దొంగలాగా తల దించుకుని కూర్చోవడం ఏమిటి?

"గుర్తు చెరిపి ఎవరికన్న అమ్ముదామనుకున్నరా?" అంది అక్క.

"అక్కా! జర మాట చూసి మాట్లాడు," అన్నాను. "మా షాపుల ఒక్క తూటా లెక్క తప్పదు. అమ్ముకునేటోళ్లమైతే ఇన్నేండ్లు దాచి నీ ముందట పెడ్తమా?"

"మరి ఎవలు చెరిపిన్రో నువ్వు చెప్పు."

తాళాలు రెండు. ఒకటి నాన్న నడుముకు, ఒకటి నా హ్యాండ్‌బ్యాగులో. మూడో మనిషి ఆ తలుపు దాటడు. వారం రోజులుగా నన్ను నేనే అనుమానించుకుంటున్నాను, నమ్ముతారా?

అక్క గొంతు కొంచెం దిగింది. "దవాఖానల ఆఖరికి మాట పడిపోయింది ఆయనకు. గంతకుముందు దినం నా చెయ్యి పట్టుకొని 'బాలకిషన్ దగ్గరికి పో, మా నాయన పేరు చూపియ్యి వాళ్లకు' అన్నడు. వాళ్లంటే ఎవలు అంకుల్? చర్చిల ఆయన పిస్తోలు ముచ్చట మొదలుపెట్టంగనే చెప్పులేసుకొని లేచిపోయేటోళ్లు. మా సుట్టాలు. నేను! పెండ్లిళ్లల్ల ఆయన నోరు తెరిస్తె 'డాడీ, ఇగ చాలు' అనేదాన్ని నేనే. గిప్పుడు బొమ్మ దొరికింది, ఆయన చెప్పింది నిజమే అని తేలింది. గని ఏం చూపియ్యాలె? గీ నున్నటి ఇనుమా?"

ఆ మాటకు నాన్న తలెత్తాడు. ఒక్కసారి గడియారం వైపు చూసి, గబుక్కున అన్నాడు.

"నేనే చెరిపిన."

మైకులో బట్టలవాడు కూడా అదే క్షణం ఊపిరి తీసుకున్నట్టున్నాడు. ఆ మాట చాలా స్పష్టంగా వినపడింది.

"తుప్పు పట్టింది," అన్నాడు నాన్న. "గరుకు కాగితం పెట్టి గీకిన. గీకంగ గీకంగ పోయింది. తప్పు నాదే బిడ్డా. నువ్వు ఏమన్నా పడ్త."

అబద్ధం. నా చిన్నప్పుడు చెమట చేత్తో తుపాకి గొట్టం ముట్టుకున్నందుకు నా వీపు చిట్లగొట్టిన మనిషి ఈయన. గరుకు కాగితమట! గుడ్డ ముతకగా ఉంటే వేరే గుడ్డ తెమ్మనేవాడు, ఇనుము మీద గరుకు కాగితం పెడతాడా? నాన్న అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రగా ఉన్నాయి. అయినా ఎవరి కోసం అబద్ధం? పోయిన వారం కూడా ఇలాగే గడియారం వైపు చూశాడు. నేనూ అటు చూశాను. గడియారం ఆగిపోయి ఏడాదవుతోంది. దాని కింద ఉన్నవి పైకి వెళ్లే మెట్లు.

అక్క బ్యాగు భుజానికి వేసుకుంది. కళ్లు తుడుచుకోలేదు. "పొద్దున డ్యూటీకి పొయ్యేముందు స్టేషన్‌ల కంప్లైంట్ ఇచ్చి వచ్చిన అంకుల్. మీరు గనుక కాదంటే వాపస్ తీసుకుందామనుకున్న. మిమ్మల్ని చూస్తే మా డాడీయే యాదికొస్తడు. మీ నోటితోని కాదనిపియ్యాలని వచ్చిన. మీరేమో ఔ అంటిరి."

"మంచి పని చేసినవ్," అన్నాడు నాన్న.

ఆయుధం మీద గుర్తు చెరపడం ఎంత పెద్ద నేరమో లైసెన్సు నా పేరు మీదికి మారినప్పుడు కంఠతా పట్టించారు. ఎవరి దగ్గర ఉంటే వాళ్లే చెరిపారని చట్టం అనుకుంటుంది. కాదని చూపించుకునే పూచీ వాళ్లది. జైలు ఖాయం. ఈ ముసలాయన తనంతట తాను ఔననుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. మోకాళ్ల నొప్పుల మనిషి ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి దిగే చప్పుడు.

అమ్మ దిగింది. కొంగు నడుముకు దోపుకుంది, చేతిలో స్టీలు గిన్నె. గిన్నెలో చింతపండు నానబెట్టిన నీళ్లు.

"ఏమయ్యా, ఎల్లుండే దసరా. పిస్తోలు ఇస్తె తోమి పెడ్త గద! ఇత్తడి సామాన్లన్నీ అయినయి, గదొక్కటే ఉంది," అంది. అప్పుడు అక్కను చూసింది. "ఎవలు బిడ్డా?"

నాన్న కళ్లు మూసుకున్నాడు.

నేనే చెప్పాల్సి వచ్చింది. "ఇజ్రాయేల్ సార్ బిడ్డ అమ్మా. యూనీస్ అక్క."

"అయ్యో, సార్ బిడ్డవా నువ్వు!" అమ్మ గిన్నె బల్ల మీద పెట్టేసి, తడిచేతులతోనే అక్క చెంపలు పట్టుకుంది. "సార్ పోయిన్రని తెలిసి మనసు ఖరాబైంది తల్లీ. ఎంత మంచిగ మాట్లాడేటోడు! నా చేతి సర్వపిండి తిని తారీఫ్ చేసిండు. చూసినవా మీ సామాను? ఎట్ల పెట్టిన చూసినవా?"

అక్క గిన్నె వైపు చూస్తోంది. నేనూ గిన్నె వైపే చూస్తున్నాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. దసరాకు ఒక ఆయుధం దేవుడి పటం ముందు పెట్టడం తాత నాటి ఆచారం. అమ్మకానికి ఉన్న తుపాకి పెట్టకూడదు, అది రేపు ఎవరింటికి పోతుందో. జనం దాచుకోమని ఇచ్చింది పెట్టకూడదు, పూజలో ఉండగానే వచ్చి అడిగితే ఏం చేస్తాం. ఇంటి తుపాకి ఒకటి ఉండేది, తాత పోయాక దాన్ని సర్కారుకు అప్పజెప్పారు. మరి పటం ముందు ఏది పెట్టాలి? అమ్మేదీ కాదు, లైసెన్సు లేదు కాబట్టి అడగవచ్చేవాళ్లూ లేరు, పేలేదీ కాదు. ఇజ్రాయేల్ సార్ పిస్తోలు. ప్రతి దసరాకూ నాన్న దాన్ని ఎర్ర గుడ్డలో చుట్టి పైకి పంపేవాడు, పూజ అయ్యాక కిందికి తెచ్చి తాళం వేసేవాడు. నేను జమ్మి ఆకు పంచే హడావుడిలో ఏనాడూ దాన్ని సరిగా చూడనే లేదు.

"మొదటిసారి చూసినప్పుడు ఎట్లుండె అనుకున్నవ్?" అమ్మ చెప్పుకుపోతోంది. "నల్లగ, మరకలు మరకలు. ఒక పక్కన ఏందో గీతలు గీతలు గీకి ఉండె, పిల్లలు మేకు పెట్టి గీకినట్లు. దేవుని ముందట గట్ల పెడ్తరా? చింతపండు పెట్టి, ఇటుక పొడి పెట్టి తోమిన. మల్ల ఏడాది వరకు తుప్పొచ్చె. తుప్పుకు గరుకు కాగితం రుద్దిన. ఏడాదికింత పోయినయి ఆ గీతలు. గిప్పుడు చూడు, వెండి లెక్క మెరుస్తలేదా?"

"అమ్మా," అన్నాను.

"ఆగవే. నీకు చెప్పొద్దని కాదు బిడ్డా," అంది అక్కతో, గొంతు తగ్గించి. "మీరు చర్చికి పోయేటోళ్లు. కుంకుమ పెడితె సార్ ఏమన్న అనుకుంటడేమో అని నాకు ఒకటే ఫికర్. అందుకని బొట్టు పెట్టేముందు మీ ప్రభువుకు గూడ దండం పెట్టుకునేదాన్ని. 'సామీ, సార్ సామాను ఇది, చల్లగ చూడు' అని."

సిద్ధార్థ్ సూదితో తీసిన ఎర్రటి పొడి కుంకుమేనని అప్పుడు తెలిసింది. ల్యాబుకు పంపిస్తానన్నాడు పాపం.

యూనీస్ అక్క కుర్చీలో కూర్చుంది. వచ్చినప్పటి నుంచి కూర్చోని మనిషి. అమ్మ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. చింతపండు పులుపుకు మొరటుబారిన వేళ్లు, అరిగిన గోళ్లు. ఒక్క మాట చాలు. 'మీరు తోమేసింది మా తాత పేరు ఆంటీ' అంటే చాలు, మా అమ్మ ఈ జన్మలో లేవదు.

"మంచిగ మెరుస్తుంది ఆంటీ," అంది అక్క. "మా డాడీ చూస్తే సంబరపడుతుండె."

అని ఏడ్చింది. తండ్రి కోసం అనుకుంది అమ్మ. "ఊకో తల్లీ, ఊకో. నీళ్లు తెస్తనుండు" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వెనక గదిలోకి వెళ్లింది.

అమ్మ తలుపు దాటగానే అక్క నాన్న వైపు తిరిగింది. "ఎందుకు చెప్పలే అంకుల్?"

"చెప్తె నువ్వు ఊకుంటవేమో గని ఆమె ఊకోదు," అన్నాడు నాన్న. "కండ్లకద్దుకొని తోమింది బిడ్డా. గది తెలిస్తె మల్ల దేవుని గిన్నె ముట్టది. పోయిన వారం ఆ పిలగాడు అరగదీసిన్రు అనంగనే నాకు సమజైంది. అప్పటిసంది అన్నం పోతలేదు నాకు." 

మెట్ల వైపు వేలు చూపించాడు.

"తప్పు ఆమెది కాదు. ఇనుముకు నీళ్లు తగలొద్దని ఆమెకేం తెల్సు? నాకు తెల్వదా? ఆమె తోముతుంటె చూసిన. మెట్ల మీద నిలవడి చూసిన. ఒక్క మాట అనలే. ఎందుకంటె, మీ నాయన మాట నేను నమ్మలే. ఆయన ఇటు పోంగనే గప్పాల పిస్తోలు అని నవ్వుకునేటోన్ని. పేలనిది, పనికిరానిది, తోమితె ఏంబోతది అనుకున్న. ఆయన గంత చెప్పిండు గద, ఒక్కనాడన్న భూతద్దం పెట్టి చూస్తె ఏమైతుండె నాకు? నమ్మి ఉంటె ఆమెకు ఒక్క మాట చెప్తుంటి. గా ఒక్క మాటతోని అంతా ఆగిపోతుండె."

నాన్న ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. తాత పోయినప్పుడు కూడా ఏడవలేదు. చప్పుడు రాకుండా, ఎర్ర గుడ్డ అంచు పట్టుకుని ఏడ్చాడు. ఒకరి మాట నమ్మకపోవడం ఇంత ఖరీదైన సంగతని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేనూ నమ్మేదాన్ని కాదేమో.

"నేను నమ్మి ఉంటె ఎప్పుడో వచ్చి తీసుకపోతుంటి అంకుల్," అంది అక్క. "లైసెన్సు పనికి ఆయన ఆఫీసుల సుట్టు తిరుగుతుంటె, 'గా తుక్కు కోసం ఎందుకు డాడీ' అన్న. బిడ్డనై నేనే నమ్మలే. మిమ్మల్ని ఏమంట?"

ఆమె పిస్తోలు చేతిలోకి తీసుకుంది. కుడి పక్కన చూపుడు వేలు పెట్టి, నెమ్మదిగా, చిన్నప్పుడు తండ్రి తిప్పించినట్టే ఉంటుంది, ఒక్కో అక్షరం ఉన్నచోట ఆగుతూ జరిపింది. అక్కడ ఏమీ తగల్లేదు. వేలు చివరిదాకా వెళ్లి ఆగిపోయింది. దాన్ని మళ్లీ గుడ్డ మీద పెట్టి లేచింది.

"కంప్లైంట్ వాపస్ తీసుకుంట. గిప్పుడే పోత. ఆంటీకి ఏం తెల్వనియ్యకున్రి."

"అక్కా, ఆటో పిలుస్త," అన్నాను. ఆమె కాళ్ల మీద పడాలనిపించింది నాకు. ఇద్దరం తలుపు దగ్గరికి వెళ్లామో లేదో, గుమ్మం ముందు పోలీసు బండి ఆగింది. ఎస్సై శ్రావణ్ దిగాడు. ఏడాదికోసారి మా స్టాకు చెక్ చేయడానికి వచ్చేది ఆయనే. నెమ్మదస్తుడు. ఆ నెమ్మదికే ఇప్పుడు భయమేసింది.

"నమస్తే బాలకిషన్ గారు. పిటిషన్ వచ్చింది. పాత పిస్తోలు మీద గుర్తులు ఎవరో అరగదీసిన్రని."

"సార్, అది నేనిచ్చిన పిటిషనే," అంది అక్క, దారికి అడ్డంగా నిలబడి. "వాపస్ తీసుకుంటున్న. పొరపాటు పడ్డ సార్."

"వాపస్ తీసుకోనీకె అది చీరె కాదమ్మా, ఆయుధం," అన్నాడు ఎస్సై. "ఒకసారి వచ్చినంక ఎంక్వైరీ చెయ్యాలె. ఎవలు అరగదీసిన్రు సార్?"

నాన్న లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నేనే. గరుకు కాగితం పెట్టి నేనే రుద్దిన. రాసుకోన్రి."

వెనక గది తలుపు దగ్గర కిలకిలమని నవ్వు.

అమ్మ. ఒక చేతిలో నీళ్ల గ్లాసు, ఇంకో చేతిలో అక్క కోసం తెచ్చిన బెల్లం ముక్క. ఏటా స్టాకు చూడవచ్చే ఎస్సైని చూసి ఆమె ఎందుకు బెదురుతుంది?

"ఎవలూ, ఆయనా! ఆయన మాట నమ్మకు బిడ్డా. పుట్టి బుద్ధెరిగి ఒక్క చెంచ తోమిండా ఈ ఇంట్ల? నేను చెయ్యంగ పేరు ఆయన తీసుకుంటడా?"

"నళినీ, నువ్వు లోపలికి పో," అన్నాడు నాన్న. ఆ గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను.

"అమ్మా, రా," అని నేను ముందుకు దూకాను. అప్పటికే ఆమె బల్ల దగ్గరికి వచ్చేసింది. చింతపండు గిన్నె పక్కకు జరిపి, పిస్తోలును ఎర్ర గుడ్డతో సహా ఎత్తి ఎస్సై ముందు పెట్టింది.

"నేనే రుద్దిన. ఇన్ని దసరాలసంది నా ఈ చేతులతోనే. మంచిగ లేదా?"

ఎస్సై పిస్తోలు చూశాడు. గిన్నె చూశాడు. మా నలుగురి ముఖాలూ చూశాడు. తర్వాత, చాలా అయిష్టంగా, జేబులోంచి పెన్ను తీశాడు.

పెన్ను చూసి అమ్మ ఇంకా సంతోషపడింది.

"పేరు రాసుకుంటున్నవా? నళినీబాయి అని రాయి బిడ్డా. ఆధార్ కార్డుల గట్లనే ఉంటది."